గేమ్ పాస్‌లో కూపర్ కప్ చివరి రామ్స్ సీజన్: విజయనగరం నుంచి ఒక సమీక్ష

అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లను అమెరికా వెలుపల చూడదలచినవారికి ఆ ఆటను నడిపే లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ సంస్థ గేమ్ పాస్ అనే చందాను అందిస్తోంది. 2023 నుంచి ఇది డాజోన్ యాప్ ద్వారా వస్తోంది. 2024 సీజన్‌ను, సెప్టెంబరు మొదటి వారం మొదలుకొని జనవరిలో లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టు ఓడి ఇంటిముఖం పట్టేదాకా, విజయనగరంలో మా ఇంట్లో కూర్చుని దీనిమీదనే చూశాను. బొమ్మ ఎంత స్పష్టంగా ఉంది, మ్యాచ్‌లు ఏ వేళకు వస్తాయి, కట్టిన డబ్బుకు ఏమేం దొరుకుతాయి అన్నవి చెబుతాను గాని, నేను దీన్ని తూచిన తూకం వేరు. ఆ సీజన్ ముగిసిన కొద్ది వారాలకే రామ్స్ జట్టు తన పేరుమోసిన రిసీవర్ కూపర్ కప్‌ను వదులుకుంది. ఒక జట్టు ఆడిన మ్యాచ్‌లను శ్రద్ధగా చూస్తూ వచ్చిన ప్రేక్షకుడికి, ఆ జట్టు తన పెద్ద ఆటగాణ్ణి ఎందుకు పంపించేసిందో ఈ సర్వీసు కళ్ళకు కట్టిందా లేదా అన్నదే నా ప్రశ్న.

ఈ ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. జట్టుకు పదకొండు మంది మైదానంలో ఉంటారు. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు. రిసీవర్ ముందుగా అనుకున్న దారిలో పరుగెత్తి, తనను కాపలా కాసే డిఫెండర్‌ను తప్పించుకుని దాన్ని అందుకుంటాడు. ఆ దారిని రూట్ అంటారు. బంతి చేతికి వచ్చే క్షణానికి తనకూ డిఫెండర్‌కూ మధ్య ఎంత ఎడం సంపాదించాడన్నదే రిసీవర్ అసలు విద్య. ఆటగాళ్ళ భుజకవచాల్లో అమర్చిన చిప్‌ల సాయంతో లీగ్ ఆ ఎడాన్ని గజాల్లో కొలుస్తుంది కూడా. వయసు మీద పడినప్పుడు ముందుగా తరిగేది ఆ ఎడమే. చేతులు బంతిని పట్టడం మాత్రం అంత త్వరగా మరిచిపోవు.

ముందు వేళల సంగతి చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో ఈ చందా కట్టాలా వద్దా అన్నది చాలావరకు నిద్ర మీద ఆధారపడి ఉంటుంది. అమెరికా తూర్పు తీరంలో ఆదివారం మధ్యాహ్నం ఒంటి గంటకు మొదలయ్యే మ్యాచ్‌లు మనకు అదే రాత్రి పదిన్నరకు వస్తాయి. తరువాతి విడత సోమవారం తెల్లవారుజామున రెండు గంటలకు కాస్త ముందు, చివరిది ఉదయం 5.50కి. నవంబరు మొదటి వారంలో అక్కడి గడియారాలు వెనక్కి తిరిగాక ప్రతి మ్యాచ్ ఒక గంట ఆలస్యమవుతుంది. రామ్స్ పడమటి తీరపు జట్టు కావడం వల్ల వారి సొంత మైదానపు మ్యాచ్‌లు ఎక్కువగా నడిరేయి దాటాకే పడతాయి. ఉదయం బడికి పోవలసిన నా వంటి వ్యాయామోపాధ్యాయుడికి అవి ప్రత్యక్షంగా చూడడం ప్రతి వారం సాధ్యం కాదు. దసరా తరువాత వచ్చే తొలేళ్ళ సోమవారం నాడు, అంటే 2024 అక్టోబరు 14న, రామ్స్‌కు విరామ వారం కావడం వల్ల పైడితల్లమ్మ పండుగకు ఆటతో పోటీ లేకపోయింది. మిగిలిన వారాల్లో నన్ను ఆదుకున్నది మ్యాచ్ అయ్యాక పెట్టే రికార్డింగులు.

ఆ రికార్డింగులు రెండు రకాలు. ఒకటి మూడు గంటలకు పైగా సాగే పూర్తి ప్రసారం. రెండోది ప్రతి ఆటకూ, అంటే బంతి కదిలి ఆగే ప్రతి విడతకూ, నడుమ ఉండే విరామాన్ని కత్తిరించి, బంతి కదిలిన క్షణాలను మాత్రమే వరుసగా కూర్చిన నలభై నిమిషాల కూర్పు. ఇవికాక ఆదివారం నాడు ఒకేసారి జరిగే మ్యాచ్‌లన్నింటిలోంచి టచ్‌డౌన్‌కు, అంటే బంతిని ఎదుటివారి చివరి గీత దాటించే స్కోరుకు, చేరువైన ఘట్టాలను పట్టి చూపే రెడ్‌జోన్ కార్యక్రమం ఉంది. రెడ్‌జోన్ ఉత్సాహంగా ఉంటుంది, కొత్తగా ఆట చూసేవారికి దానికి మించిన ప్రవేశద్వారం లేదు. అయితే ఒక ఆటగాణ్ణి అనుసరించాలనుకునేవారికి అది ఎందుకూ కొరగాదు. నలభై నిమిషాల కూర్పు మాత్రం ఈ సర్వీసులో కెల్లా నాకు నచ్చిన వస్తువు. సాయంత్రం ఇంటికి చేరి కాఫీ తాగుతూ ఒక మ్యాచ్ మొత్తం చూసేయవచ్చు, వ్యూహం ఎలా సాగిందో కూడా తెలుస్తుంది. వ్యాఖ్యానం ఆంగ్లంలోనే ఉంటుంది, అదీ పరిభాషతో నిండి ఉంటుంది. కనుక మొదటి కొన్ని వారాలు ఓపిక పట్టవలసిందే.

ఇక కూపర్ కప్. వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమాలో పుట్టి, పెద్దగా పేరులేని ఈస్టర్న్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆడి, జట్లు కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో, 2017లో, మూడో రౌండులో 69వ వాడిగా రామ్స్‌లో చేరాడు. 2021లో 145 క్యాచ్‌లు, ఆ క్యాచ్‌లతో జట్టును ముందుకు నడిపిన 1,947 గజాలు, 16 టచ్‌డౌన్‌లతో మూడింటిలోనూ లీగ్ మొత్తానికి మొదటివాడుగా నిలిచాడు. ఆ సీజన్ చివర 2022 ఫిబ్రవరిలో జరిగిన లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో సిన్సినాటిపై 23-20తో గెలిచిన మ్యాచ్‌లో గెలుపు టచ్‌డౌన్ అతనిదే, ఉత్తమ ఆటగాడి బహుమతీ అతనిదే. ఆ తరువాత గాయాలు వెంటాడాయి. 2022లో తొమ్మిది మ్యాచ్‌లు, 2023లో పన్నెండు, 2024లో మళ్ళీ పన్నెండు మాత్రమే ఆడగలిగాడు. ఆ చివరి సీజన్‌లో 67 క్యాచ్‌లు, 710 గజాలు, ఆరు టచ్‌డౌన్‌లు వచ్చాయి. ఈలోగా 2023లో ఐదో రౌండులో వచ్చిన పూకా నకువా అనే కుర్రవాడు తొలి సీజన్‌లోనే 105 క్యాచ్‌లు, 1,486 గజాలతో కొత్త ఆటగాళ్ళ రికార్డులు తిరగరాశాడు.

2024లో మొదటి మ్యాచ్ డెట్రాయిట్‌తో, మనకు సోమవారం వేకువనే వచ్చింది. ఆ రోజు కప్ 14 క్యాచ్‌లతో 110 గజాలు సాధించాడు. అతని పని అయిపోయిందని ఆ ఉదయం ఎవరన్నా నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. మరుసటి వారమే అరిజోనాలో చీలమండ గాయపడి, అక్టోబరు 24న మిన్నెసోటాతో జరిగిన మ్యాచ్‌లో గాని తిరిగి రాలేదు. నవంబరులో న్యూ ఇంగ్లండ్ మీద మళ్ళీ వంద గజాలు దాటాడు. డిసెంబరులో అతని చేతికి వచ్చే బంతులు ఒక్కసారిగా తగ్గిపోయాయి. తగ్గాయన్నది గణాంకాల్లో కనబడుతుంది. ఎందుకు తగ్గాయన్నది కనబడాలంటే తెర మీద అతను కనబడాలి. చిక్కు అక్కడే వచ్చింది.

ఈ చందాలో వచ్చేది అమెరికా టీవీ ఛానెళ్ళ ప్రసారమే. ఆ ప్రసారం మైదానాన్ని పక్కనుంచి చూపిస్తుంది. స్నాప్‌కు, అంటే బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి అంది ఆట మొదలయ్యే క్షణానికి, ముందు కప్ తెర కుడి అంచుకు దగ్గరగా, మోకాళ్ళు కాస్త వంచి, ఎడమ పాదం ముందుకు పెట్టి నిలబడి ఉంటాడు. తలపాగా వంటి హెల్మెట్ కింద పదో నెంబరు స్పష్టంగా తెలుస్తుంది. స్నాప్ జరగగానే కెమెరా క్వార్టర్‌బ్యాక్ వైపు దగ్గరగా వెళుతుంది. అతను మూడు అడుగులు వేసేసరికి తెర అంచు దాటి మాయమవుతాడు. బంతి గాలిలోకి లేచాక కెమెరా దాని వెంట పరుగెత్తుతుంది. బంతి కప్ వైపు వస్తే అతను మళ్ళీ ప్రత్యక్షమవుతాడు. వేరే వారి వైపు పోతే ఆ ఆటలో అతను ఏం చేశాడో మనకు ఎప్పటికీ తెలియదు. డిఫెండర్‌ను దాటి పది గజాల అవతల ఒంటరిగా చేయి ఎత్తి నిలబడ్డాడా, లేక మొదటి మలుపులోనే చిక్కుపడ్డాడా? ఒక రిసీవర్ ముదిరిపోయాడా లేదా అన్న ప్రశ్నకు జవాబంతా ఆ కనబడని రెండు మూడు సెకన్లలోనే ఉంటుంది. సీజన్ పొడుగునా చూసినా, కప్ పట్టిన బంతులను చూశానే తప్ప కప్ ఆటను చూశానని చెప్పలేను.

మా పాఠశాల పిల్లలకు కబడ్డీ మెలకువలు చెప్పడానికి వచ్చే పాత రైడర్ ఒకాయన, అయోధ్యా మైదానంలో ఉదయపు నడక ముగించుకుని ఒక సోమవారం మా ఇంటికి వచ్చి నాతోపాటు కొంతసేపు ఆట చూశారు. ఆయనకు ఫుట్‌బాల్ నియమాలు తెలియవు గాని, పరుగెత్తే మనిషిని చూడగానే కాలి కదలికను పట్టేయగలరు.

"ఏటి మాస్టారూ, ఈ పదో నెంబరాయన కాళ్ళు బాగానే ఆడతన్నాయి కదండీ. బంతే ఆయనకాడికి రాటం నేదు," అన్నారు.

"కానీ లోపలికి వెళ్ళాక ఖాళీగా ఉంటున్నాడో లేదో మనకు చూపించడం లేదు కదండీ," అన్నాను.

"అదేనండి. కాలు సూపించకండా రైడరు ముసిలోడైపోనాడంటే ఎలా నమ్మీస్తామండి?"

ఆయన అన్నమాట నాకు సరిగ్గా తగిలింది. కబడ్డీలో రైడర్ గీత దాటిన క్షణం నుంచి తిరిగి వచ్చేదాకా అందరి కళ్ళూ అతని పాదాల మీదే ఉంటాయి. అతనిలో వేగం తగ్గితే గట్టు మీద కూర్చున్న పిల్లవాడికి కూడా తెలిసిపోతుంది. ఇక్కడ అన్నేసి కెమెరాలు ఉండి కూడా రిసీవర్ పాదాలు కనబడవు.

మైదానంలోని ఇరవై ఇద్దరినీ ఒకే చట్రంలో, ఎత్తైన చోటు నుంచి చూపించే చిత్రణ ఒకటి ఉంది. దాన్ని ఆల్-22 అంటారు. శిక్షకులు జట్టు సమావేశాల్లో చూసేది దీన్నే. 2012 నుంచి లీగ్ దీన్ని సాధారణ ప్రేక్షకులకు కూడా చందా మీద అందుబాటులోకి తెచ్చింది. అయితే దేశాన్నిబట్టి, ప్యాకేజీనిబట్టి ఏమేం దొరుకుతాయన్నది మారుతూ ఉంటుంది కనుక, డబ్బు కట్టేముందే మీరు ఎంచుకున్న ప్యాకేజీలో అది ఉందో లేదో చూసుకోండి. నేను విశ్లేషకులు ఇంటర్నెట్‌లో చూపే చిన్న చిన్న ముక్కల్లో దాన్ని చూశాను. ఆ కాసింత చూసినా కప్ మీద నా గౌరవం పెరిగింది. గడ్డిమీద మలుపు తిరిగేచోట అతను అడుగును కుదించి, డిఫెండర్ భుజం అటు తిరగగానే ఇటు జారిపోయే తీరు చూస్తే, అతని బలం ఎన్నడూ ఉత్త వేగంలో లేదని తెలుస్తుంది. వేగం మీద బతికిన రిసీవర్ ముప్పై దాటగానే తడబడతాడు. మలుపుల మీద, లెక్క మీద బతికినవాడు మరికొన్నాళ్ళు నిలబడతాడు. టీవీ ప్రసారం ఈ తేడాను దాదాపు చూపనే చూపదు.

నలభై నిమిషాల కూర్పును ఎంతగా మెచ్చుకున్నా, ఈ విషయంలో దాని లోపం చెప్పక తప్పదు. ఆటకూ ఆటకూ మధ్య ఉండే అర నిమిషంలోనే ప్రసారకులు పాత ఘట్టాన్ని మరో కోణంలో తిప్పి చూపుతారు. రిసీవర్ రూట్ కనబడే అవకాశం ఉన్నది ఆ కోణంలోనే. గీత అవతల నిలబడి కోచ్‌తో మాట్లాడే పెద్ద ఆటగాడి ముఖం కూడా ఆ అర నిమిషంలోనే తెర మీదికి వస్తుంది. కత్తిరింపులో మొదట పోయేవి అవే. జనవరి 19న ఫిలడెల్ఫియాలో మంచు కురుస్తూండగా జరిగిన చివరి మ్యాచ్‌ను, రామ్స్ 28-22తో ఓడినదాన్ని, మొదట కూర్పుగా చూసి, కప్ వెళ్ళిపోయాక పూర్తి నిడివిలో మళ్ళీ చూశాను. రెండూ ఒకే మ్యాచ్ అనిపించలేదు.

వదులుకోవడం ఎలా జరిగిందంటే, ఫిబ్రవరి మొదటి వారంలో జట్టు తనను వేరే జట్టుకు బదిలీ చేయాలని చూస్తోందని, ఆ నిర్ణయంతో తాను ఏకీభవించడం లేదని కప్ స్వయంగా ప్రకటించాడు. అతన్ని తీసుకునే జట్టు కుదరలేదు. మార్చి 12న రామ్స్ అతన్ని విడుదల చేసింది. రెండు రోజుల్లో సొంత రాష్ట్రపు జట్టు సియాటిల్ సీహాక్స్‌తో మూడేళ్ళకు ఒప్పందం కుదిరింది. దీని వెనుక ఉన్నది శాలరీ క్యాప్ లెక్క. ప్రతి జట్టూ ఆటగాళ్ళ జీతాలకు ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని లీగ్ 1994 నుంచి పరిమితి విధిస్తోంది. 2025కు అది 27.92 కోట్ల డాలర్లు. 2022 వేసవిలో, కప్ పేరు మారుమోగుతున్న రోజుల్లో, రామ్స్ అతని ఒప్పందాన్ని మూడేళ్ళకు 8 కోట్ల డాలర్లతో పొడిగించింది. ముందుగా చెల్లించిన బోనస్‌ను లెక్కల్లో ఒప్పందపు ఏళ్ళన్నింటికీ పరుస్తారు. ఆటగాణ్ణి మధ్యలో వదిలితే, ఇంకా లెక్కకు రాని భాగమంతా జట్టు మీద ఒక్కసారిగా పడుతుంది. దీన్ని డెడ్ మనీ అంటారు. ఆ భారం మోసి కూడా వదులుకున్నారంటే, అతని వల్ల ఇక వచ్చేది ఆ జీతానికి తగదని జట్టు గట్టిగా నమ్మిందన్నమాట.

నన్ను బాగా కలచినది మరో సంగతి. కప్‌ను పంపించే ముందే రామ్స్ దావాంటే ఆడమ్స్ అనే రిసీవర్‌ను రెండేళ్ళకు 4.4 కోట్ల డాలర్లకు తెచ్చుకుంది. ఆడమ్స్ పుట్టింది 1992 డిసెంబరులో, కప్ 1993 జూన్‌లో. అంటే ముసలివాడయ్యాడని అందరూ అనుకున్న వాడి స్థానంలోకి వచ్చినవాడు అతనికంటే ఆరు నెలలు పెద్ద. కనుక వయసు అన్నది ఇక్కడ సగం మాటే. వరుస గాయాలు, జీతం, నకువా ఆటకు తోడుగా ఎలాంటి రిసీవర్ కావాలన్న ఆలోచన, ఇవన్నీ కలిసి ఆ నిర్ణయం జరిగి ఉండాలి. మైదానంలో అంచున ఆడుతూ గీత దగ్గర టచ్‌డౌన్‌లు పట్టడం ఆడమ్స్ ప్రత్యేకత. లోపలి వైపు నుంచి మొదలయ్యే రూట్లు కప్ ప్రత్యేకత. జట్టు తన లెక్కలో తప్పు చేసిందని నేను అనను. కానీ ఎనిమిదేళ్ళుగా అడ్డుకోవడం, కిందపడడం, కుర్రవాళ్ళకు రూట్లు నేర్పడం వంటి పనులన్నీ చేసిన మనిషికి వీడ్కోలు మ్యాచ్ అంటూ ఒకటి లేకుండా పోవడం నాకు బాధగానే ఉంది.

ఇది కొత్తా కాదు. సూపర్ బౌల్ యుగంలో క్యాచ్‌లు, గజాలు, టచ్‌డౌన్‌లు మూడింటిలోనూ ఒకే ఏడు మొదటి స్థానం పొందిన తొలి నలుగురు రిసీవర్లు జెర్రీ రైస్, స్టెర్లింగ్ షార్ప్, స్టీవ్ స్మిత్, కప్. నలుగురినీ వారి జట్లు ఏదో ఒకనాడు వదిలేశాయి. షార్ప్‌కు మెడ గాయమై ఆటే ఆగిపోయింది. రైస్ శాన్ ఫ్రాన్సిస్కోలో పదహారు సీజన్లు ఆడాక, 2000 డిసెంబరు 17న సొంత మైదానంలో చివరిసారి ఆడిన రోజున, సహచరుడు టెరెల్ ఓవెన్స్ 20 క్యాచ్‌లు పట్టి అప్పటి రికార్డు నెలకొల్పాడు. వేడుక పెద్దాయనది, బంతులు కుర్రవాడివి. అయినా రైస్ ఓక్లండ్‌కు వెళ్ళి 2002లో, నలభై ఏళ్ళ వయసులో, 1,211 గజాలు సాధించి సూపర్ బౌల్ దాకా నడిచాడు. 2014లో కరోలినా వదిలేసిన స్టీవ్ స్మిత్, అదే ఏడు సెప్టెంబరు 28న బాల్టిమోర్ తరఫున తన పాత జట్టు మీదే 139 గజాలు, రెండు టచ్‌డౌన్‌లు సాధించాడు. ఆ మ్యాచ్‌లో బాల్టిమోర్ 38-10తో గెలిచింది. వదిలేసిన జట్టు లెక్క ప్రతిసారీ నిజం కాదని చెప్పడానికి ఈ రెండూ చాలు.

చందా సంగతికి మళ్ళీ వస్తాను. మా వీధిలో ఫైబర్ తీగ అక్టోబరు వానలకు తెగిపోతూ ఉంటుంది. అలాంటి రోజుల్లో ఫోన్ డేటా మీద చూడవలసి వస్తే నాణ్యతను తగ్గించి పెట్టుకోవడం మేలు, లేకపోతే ఒక పూర్తి ప్రసారానికే ఆ రోజు డేటా అంతా అయిపోతుంది. పెద్ద తెర మీద చూస్తే తప్ప దూరపు ఆటగాళ్ళ నెంబర్లు తెలియవు కనుక, ఈ ఆటకు ఫోన్ సరిపోదు. స్కోరు ముందే తెలియకుండా రికార్డింగు చూడాలనుకునేవారు ఉదయం పూట ఫోన్‌లో క్రీడావార్తల నోటిఫికేషన్లు ఆపి పెట్టుకోవాలి. క్రికెట్ మాత్రమే చూసే ఇంట్లోవారికి ఈ చందా వల్ల ఒరిగేదేమీ లేదు. అమెరికాలో పిల్లలో, మేనల్లుళ్ళో ఉండి, వారితో వారం వారం మాట్లాడుకోవడానికి ఒక ఆట కావాలనుకునేవారికి, అలాగే శిక్షణ ఇచ్చే వృత్తిలో ఉన్నవారికి మాత్రం నేను దీన్ని ధైర్యంగా సిఫారసు చేస్తాను. లీగ్ మొత్తం మ్యాచ్‌లు చేతిలో ఉండడం చిన్న విషయం కాదు. రిసీవర్లను అర్థం చేసుకోవడమే మీ ఉద్దేశమైతే, ఆల్-22 లేని ప్యాకేజీకి డబ్బు కట్టవద్దు.

2025 సీజన్‌కు నేను చందా పొడిగించుకున్నాను. రామ్స్, సీహాక్స్ ఒకే విభాగంలో ఉన్నందువల్ల ఏడాదికి రెండుసార్లు ఎదురుపడక తప్పదు. 2025లో మొదటిది అమెరికా తేదీల్లో నవంబరు 16న లాస్ ఏంజెలెస్‌లో, రెండోది డిసెంబరు 18 గురువారం రాత్రి సియాటిల్‌లో జరిగాయి. రెండోది మనకు శుక్రవారం ఉదయం ఏడింటికి కాస్త ముందు మొదలైంది కనుక, బడికి ఆ పూట సెలవు పెడితే ప్రత్యక్షంగానే చూసే వీలుండింది. ఆ రెండు మ్యాచ్‌లనూ పూర్తి నిడివిలో చూడండి, నలభై నిమిషాల కూర్పు జోలికి పోవద్దు. స్నాప్‌కు ముందు కప్ తెరలో ఏ అంచున నిలబడ్డాడో గమనించి, రీప్లే వచ్చినప్పుడు బంతిని వదిలేసి అతని కాళ్ళను చూడండి.